ఆయి చెయ్యి తప్పలేదు

రాజేశం కాక పోయి నెల దాటాక, ఆయన ఇనుప పెట్టె తెరవడానికి చిన్నమ్మ నన్ను పిలిపించింది. కాక అంటే మా బాపుకు సొంత తమ్ముడు, చిన్నమ్మ ఆయన భార్య. ధర్మపురికి కాస్త ఇవతల, గోదావరి గాలి తగిలే ఊళ్లో వాళ్లిల్లు. కరీంనగర్‌లో పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. పెట్టెలో పెద్దగా ఏమీ లేదు. మస్కట్ నుంచి తెచ్చుకున్న ఉన్ని టోపీ, గడువు తీరిన పాస్‌పోర్టు, రెండు జతల బట్టలు, వాళ్ల బిడ్డ స్వరూప చిన్నప్పటి వెండి మొలతాడు. అన్నిటికంటే అడుగున పాత తువ్వాలలో చుట్టి ఒక గాజు గొట్టం ఉంది. పైన సన్నటి మెడ, కింద ఉబ్బిన పొట్ట, పొట్టలో సీసపు గుండ్లు. మెడ లోపల అంకెలు వేసిన కాగితం పసుపు రంగుకు తిరిగింది. చిన్నమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "గిదేంది బిడ్డా, జరం చూసేదా? గింత లావున్నది" అన్నది. నేను తువ్వాలను దాని మీదికి లాగబోయాను. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. సారాలో జోరు ఎంతుందో కొలిచే ఆ గొట్టాన్ని హైడ్రోమీటర్ అంటారని నాకు తెలియక కాదు. అది ఆ పెట్టెలోకి ఎలా వచ్చిందో తెలిసి.

మేం అప్పుడు నస్పూర్‌లో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. రెండు గదులు, వెనక చిన్న వంటచావడి, దాని పక్కన నీళ్ల గోలెం. బాపు షిఫ్టు దిగి వచ్చేసరికి గోలెం దగ్గర వేడినీళ్లు సిద్ధంగా ఉండాలి. ఆయన ఒళ్లు రుద్దుకుంటుంటే నల్లటి నీళ్లు బండల మీదుగా మోరీలోకి పోయేవి, ఎంత రుద్దినా కనురెప్పల అంచున కాటుకలా బొగ్గు మిగిలేది. అవ్వ, అంటే మా అమ్మ, బొగ్గుల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసేది. ఇల్లంతా పొగ, సబ్బు, రొట్టె మాడిన వాసన. ఆ ఇంటికి పెద్దదిక్కు మా నానమ్మ. ఆదిలాబాద్ వైపు, మరాఠీ ఊర్ల పక్కన పుట్టి పెరిగిన మనిషి కాబట్టి బాపు, కాక ఆమెను ఆయి అనే పిలిచేవాళ్లు. వాళ్లను చూసి మేమూ ఆయి అనే అన్నాం. ఆయికి చదువు లేదు. గడియారం చూడ్డం రాదు. కానీ ఆమె చేతిలో ఒక ఇత్తడి సోల ఉండేది. బియ్యమైనా, పప్పయినా, పాలైనా దాంతోనే. సోల అంచుకు ఎంత తక్కువ ఉందో చూడకుండానే, బరువును బట్టి చెప్పేది. కూరలో ఉప్పు తక్కువైందని మేం ఎన్నడూ అన్నది లేదు. ఎక్కువైందని కూడా.

ఎండాకాలం మొదట్లో ఆయి పుట్టింటి నుంచి ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. వాళ్ల సంచిలో ఎండిన ఇప్పపూలుండేవి, సంచి అడుగున గుడ్డ చుట్టిన సీసాలో ఇప్పసారా ఉండేది. ఆ వాసన ఒకసారి ఇంట్లోకి వస్తే రెండు రోజులు పోదు. తియ్యగా, కాస్త పులిసిన బెల్లంలా, అడవిలా ఉంటుంది. సారా వట్టిది తాగడం ఆయికి గిట్టదు. శుభకార్యం ఏదైనా ఉంటే మాత్రం తానే కలిపేది. రెండు పాళ్లు సారా, మూడు పాళ్లు ఈతకల్లు, ఒక పాలు నిమ్మకాయ పిండి యాలకులు దంచి వేసిన బెల్లం పానకం. అన్నీ ఆ సోలతోనే. దాన్ని మా ఇంట్లో 'కలుపుడు' అనేవాళ్లం. సారా మంచిదా కాదా అని చూడ్డానికి దూది వత్తి ముంచి అగ్గిపుల్ల గీసేది, నీలంగా మండితే తల ఊపేది. కలిపిన తర్వాత మాత్రం మోదుగాకు డొప్పల్లోనే పోసేది, మనిషికి ఒక్క డొప్ప. ఇంకోటి అడిగితే ముందు చెంబెడు నీళ్లు తాగించేది. "తియ్యగున్నది గదాని తాగకుండ్రి, ఎనకనుంచి వచ్చి పట్టుకుంటది" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నవ్వుతూనే ఒక్క డొప్పతో లేచిపోయేవాళ్లు.

రాజేశం కాకకు నేనంటే ప్రాణం. ఊళ్లో కౌలుకు చేస్తూ ఎన్నో ఏళ్లు ఎదురు చూసిన తర్వాత ఆయనకు బాయిలో కొలువుకు పిలుపు వచ్చింది. అదే నెలలో స్వరూప పుట్టింది. పాప తొట్టెల, అంటే ఉయ్యాలలో వేసే వేడుక, మా క్వార్టర్‌లోనే చేద్దామన్నాడు బాపు. తొట్టెల ఆదివారం. తెల్లారి సోమవారం పొద్దున ఏడు గంటలకు కాకకు డాక్టరు పరీక్ష. అది దాటితే కొలువు ఖాయం, క్వార్టర్ వస్తుంది, చిన్నమ్మ నస్పూర్‌కు వచ్చేస్తుంది. కాక ఆ ముందు వారమంతా ఏమీ ముట్టలేదు. మామూలుగా ఆయన కల్లు తాగే మనిషి. ఈతచెట్టు కింద కూర్చుంటే నాలుగైదు గ్లాసులు తాగి, నిటారుగా నడిచి ఇంటికి వచ్చేవాడు. సారా వాసన కూడా పడేది కాదు.

నేను అప్పుడు మంచిర్యాలలో డిగ్రీ రెండో ఏడు. మా వాడలో ఆ చదువు చదువుతున్న ఆడపిల్ల నేనొక్కదాన్నే. బాపుకు అందులో సగం గర్వం, సగం భయం. ఎవరైనా ఒక్క మాట అంటే మాన్పించేద్దామన్నట్టు ఉండేవాడు. నాకు మాత్రం పొగరు బాగానే ఎక్కింది. ఇంట్లో ఎవరు ఏం మాట్లాడినా దానికో ఫార్ములా చెప్పేదాన్ని. తొట్టెల ముందు శనివారం లాబ్‌లోంచి ఆ హైడ్రోమీటర్‌ను ఎవరినీ అడగకుండా పుస్తకాల సంచిలో పెట్టుకుని తెచ్చాను. సోమవారం తిరిగి పెట్టేద్దామనుకున్నాను. ఎందుకు తెచ్చానంటే, గొప్పకు. అంతకుమించి కారణం చెప్పుకోవడానికి ఇన్నేళ్లలో చాలాసార్లు ప్రయత్నించాను గానీ మరొకటి దొరకలేదు.

తొట్టెల రోజు మధ్యాహ్నం బాపు ఇంకా షిఫ్టులోనే ఉన్నాడు. అవ్వ, చిన్నమ్మ ముందు గదిలో పాపతో, వచ్చిన ఆడవాళ్లతో ఉన్నారు. వెనక వంటచావడిలో ఆయి, నేను, గడప మీద కాక. ఆయి కొత్త కుండలో కలుపుడు కలిపింది. బిడ్డ తండ్రి మొదటి డొప్ప తీసుకోవాలని ఆయి ఆనవాయితీ. కాక చేతులు జోడించాడు.

"నాకద్దు ఆయీ. రేపు పొద్దున డాక్టర్ కాడికి పోవాలె."

"ఒక్క డొప్ప. బిడ్డ పేరు మీద. ఒక్క డొప్పకేం గాదు."

అప్పుడు నేను మధ్యలో దూరాను. "ఆగు కాకా, ఎంతుందో నేను చెప్తా" అని లోపలికి పోయి గాజు గొట్టం తెచ్చాను. ముందు సీసాలో మిగిలిన వట్టి సారాను పొడుగాటి గ్లాసులో పోసి అందులో వదిలాను. నలభై ఐదు శాతం దగ్గర నిలబడింది. కాక కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత గ్లాసు కడిగి కుండలోని కలుపుడు పోసి వదిలాను. గొట్టం పైకి తేలింది. అంకె చదివాను. మళ్లీ వంగి చదివాను. నాలుగు.

"నాలుగే కాకా! కల్లంత కూడా లేదు" అన్నాను.

ఆయి వంగి గొట్టం వైపు చూసింది. ఆమెకు అంకెలు రావు. "గదేం లెక్క? రెండు పాళ్లు పోసిన నేను. గీ చేత్తోని పోసిన."

నేను దూది వత్తి కలుపుడులో ముంచి, ఆమె పద్ధతిలోనే అగ్గిపుల్ల గీసి చూపించాను. మండలేదు. చుయ్యిమని ఆరిపోయింది. "చూసినవా ఆయీ? మంట కూడా వస్తలేదు. కలిపితే జోరు చచ్చిపోతది."

"కలిపినంక మంట రాదే పొల్లా. మంట రాలేదని సారా ఎటు వోతది? కుండలనే ఉన్నది గదా?"

ఆమె ఆ మాట అన్నప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది. "ఆయీ, ఇది గాజు. ఇది అబద్ధం చెప్పదు" అన్నాను. ఆయి కాసేపు నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, కాస్త పరేషాన్ మాత్రం ఉంది. సోలను బోర్లించి, "సదువుకున్నదానివి. నీకే తెల్వాలె మరి" అన్నది.

కాక డొప్పను పక్కన పెట్టి స్టీలు గ్లాసు అందుకున్నాడు. "నా బిడ్డ సైన్స్ చదువుతున్నది. నాలుగంటే నాలుగే. కల్లే గదా, ఇగ ఫికర్ లేదు" అన్నాడు. పొద్దు వాలుతున్న కొద్దీ చుట్టాలు పెరిగారు. ఆయి రెండో కుండ కలిపింది. అందరూ డొప్పలతో తాగారు. కాక ఒక్కడే గ్లాసుతో తాగాడు. ఐదు గ్లాసులు. కల్లు తాగే రోజు ఎన్ని తాగుతాడో అన్నే. బెల్లం, నిమ్మకాయ, యాలకులు సారా ఘాటును కప్పేశాయి. చీకటి పడకముందే ఆయన మాట ముద్దగా అయింది. దీపాలు పెట్టే వేళకు గోడకు ఆనుకుని కూర్చున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడు.

పొద్దున బాపు నీళ్లు కొట్టి లేపాడు. కక్కుకున్నాడు, మజ్జిగ తాగించారు, అదీ కక్కాడు. అయినా తీసుకుపోయారు, పోకుంటే ఇంకోరోజు రాదని. గంటన్నరలో తిరిగి వచ్చారు. చేతులు వణుకుతున్నాయట, నోట్లో వాసన ఉందట, నిలబెడితే తూలాడట. డాక్టరు తప్పేమీ లేదు, ఎదురుగా కనిపించిందే రాశాడు. తాగి పరీక్షకు వచ్చినవాణ్ని బాయిలోకి ఎవరు దించుతారు? ఆ కాగితంతో కాక కొలువు పోయింది. బాపు అరుపులకు వాడ వాడంతా గుమ్మాల్లోకి వచ్చింది. "ఎంత తాగినవ్‌రా? ఒక్క రాత్రి ఆగకపోతివా? ఎవలు పోసిండ్రు నీకు?"

నేను గది మూలన నిలబడి ఉన్నాను. కాక తలెత్తి నన్ను చూశాడు. రెప్పపాటు, అంతే. "ఎవలు పోస్తరన్నా? నేనే పోసుకున్న. ఆశవడి తాగిన" అన్నాడు. ఆ సాయంత్రం ఊరికి పోయేముందు వెనక వైపు నన్ను పిలిచి చెయ్యి చాపాడు. "గా గాజుది ఇయ్యి. కాలేజీల అడగకుంట తెచ్చినవ్ గదా? అన్న జూసిండంటే నీ చదువు ఇయ్యాల్నే బంద్ చేస్తడు. పలిగిపోయిందని చెప్పు కాలేజీల. నా ముచ్చట ఎవ్వలకు చెప్పకు." తువ్వాలలో చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు. నేను ఇచ్చేశాను. బతికిపోయాను అనుకున్నాను. ఇరవై ఏళ్లు నిండని వయసులో అది సిగ్గుగా కూడా తోచలేదు.

ఆయి ఆ రోజంతా పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. మూడో రోజు నన్ను దగ్గరకు కూర్చోబెట్టుకుని మెల్లగా అన్నది. "నువ్వు జూసింది మొదటి కుండ గదా బిడ్డా. అది నాలుగే ఉండొచ్చు. గాజు తప్పు చెప్పదు. రెండో కుండకు నా చెయ్యి తప్పింది. మూడు పాళ్లు పోసినట్టున్న సారా. ముసలైన గదా." తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ కలుపుడు కలపలేదు. అది పెద్ద నష్టం కాదు. కానీ ఇత్తడి సోలను కూడా అవ్వ చేతికి ఇచ్చేసింది. బియ్యం కొలవమంటే "నువ్వే పొయ్యి బిడ్డా, నాకు అంచనా దొరుకుతలేదు" అనేది. కూరలో ఉప్పు వేసి ముగ్గురితో రుచి చూపించేది.

నా తప్పు నాకు తెలిసింది ఆ మరుసటి ఏడాది, క్లాసులో. లెక్చరర్ బల్ల మీద ఒక హైడ్రోమీటర్ పెట్టి, ఇది వట్టి నీళ్లు, సారా కలిసినప్పుడే నిజం చెబుతుంది, అందులో చక్కెర ఉంటే ద్రవం బరువెక్కి గొట్టం పైకి తేలుతుంది, సారా తక్కువున్నట్టు చూపిస్తుంది అన్నాడు. నోట్‌బుక్ చివరి పేజీలో లెక్క వేశాను. సారా రెండు పాళ్లు, పాలుకు నలభై ఐదు, తొంభై. కల్లు మూడు పాళ్లు, పాలుకు ఐదు చొప్పున పదిహేను. మొత్తం నూట ఐదు. ఆరు పాళ్లకు పంచితే పదిహేడున్నర. గాజుతో పని లేదు, ఫార్ములాతో పని లేదు. ఆరో తరగతి పిల్ల వేసే లెక్క. ఆయి ఆ లెక్కను సోలతో, డొప్పతో ఎప్పుడో వేసి పెట్టుకుంది. కుండలనే ఉన్నది గదా అని నాకు తెలుగులోనే చెప్పింది. ఆ రోజు సాయంత్రం ఇంటికి పోయాను. ఆయి గడప మీద కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. ఆమె పక్కన కూర్చున్నాను, రెండు గుప్పిళ్లు ఒలిచాను. ఆయీ, నీ చెయ్యి తప్పలేదు అని చెప్పాలి. అంతే. చెబితే గాజు సంగతి బాపుకు తెలుస్తుంది, ఇంకో ఏడాదైతే చదువు అయిపోతుంది, అప్పుడు చెబుతాను అనుకున్నాను. ఆయి అప్పటిదాకా ఆగలేదు. ఆ చలికాలమే పోయింది. చివరి రోజుల్లో ఆమె పిడికిలి ముడిచి, విప్పి, ఏదో కొలుస్తున్నట్టు చేసేది. అవ్వ అది తిమ్మిరి అనుకుంది.

కాక మస్కట్ పోయాడు. రెండేళ్లకోసారి వచ్చేవాడు. ఎండకు నల్లబడి, వెనక్కు దువ్విన జుట్టుతో, నాకు పెన్నులు తెచ్చేవాడు. మళ్లీ కల్లు కూడా ముట్టలేదు. అయినా చిన్నమ్మకు ఆయన పేరు తాగుబోతోడే. బియ్యం ఉడకకపోయినా, వాన పడకపోయినా, "ఆనాడు గొంతు ఆపుకుంటే నేను క్వార్టర్‌ల ఉండేదాన్ని" అనేది. అందులో తప్పేముంది? పెళ్లైన రెండేళ్లకే మొగుడు లేని ఇంట్లో ఒక్కతే నాట్లేసింది, ఒక్కతే పిల్లను పెంచింది. ఆ కోపం స్వరూప మీదికి కూడా పోయేది. "నీ తొట్టెల నాడే నీ బాపు కొలువు తాగిండే" అన్న మాట ఆ పిల్ల నడక నేర్వకముందు నుంచీ విన్నది. స్వరూపకు ఇప్పుడు పిల్లలున్నారు. వాళ్లకు తొట్టెలలు చెయ్యలేదు. వద్దంటే వద్దన్నది. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నాకు తెలుసు కాబట్టి.

నేను లెక్చరర్‌నయ్యాను. ఏటా ఆ పాఠం చెప్పాను. "ఒకింట్లో ఇలా జరిగింది" అని ఆ కథ కూడా చెప్పేదాన్ని, పిల్లలు నవ్వేవాళ్లు, పరీక్షలో సరిగ్గా రాసేవాళ్లు. ఎవరింట్లో అని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు సీసాల మీదే అచ్చు వేసి ఉంటుంది ఎంత శాతమో. మొన్న మా పక్కింటి కుర్రాడు ఫోన్‌లో అన్నీ నొక్కి చూపించాడు, ఏది ఎంత కలిపితే ఎంతవుతుందో క్షణంలో చెబుతుంది. నొక్కినవాడే ఆ సాయంత్రం మెట్ల మీద పడి ఉన్నాడు. అప్పుడు అంకె లేదు, ఒక ముసలావిడ మాట ఉండేది, దాన్ని పదిమంది విన్నారు. ఆ మాటను మా ఇంట్లో కొట్టేసింది నేను. చదువు వల్ల పోయిందని అనలేను. చదువును సగంలో ఆపి వాడినందుకు పోయింది.

ఇదంతా పెట్టె ముందు కూర్చుని చిన్నమ్మకు చెప్పాను. మొదట గాజు పేరు, తర్వాత శనివారం, తర్వాత నాలుగు. ఆమె చింతపండులో గింజలు తీస్తూ విన్నది. నేను ఏడుస్తున్నానని చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"అసలు ఎంతుండె?" అన్నది చివరికి.

"పదిహేడున్నర చిన్నమ్మా."

"గా లెక్క కట్టనీకి ఎంతసేపు పట్టింది నీకు?"

"రెండు నిమిషాలు."

"చెప్పనీకి మాత్రం గిన్నేండ్లు పట్టింది." గింజలు చాటలో ఒక పక్కకు జరిపింది. "ఆయన ఉన్నప్పుడు చెప్తే నేను గన్ని మాటలు అనకపోదును గదా బిడ్డా. పోయే ముందటి రోజు గూడ అన్న. మందు తాగుమంటే చెయ్యి అడ్డం పెట్టిండు. ఆనాడు గ్లాసులకు గ్లాసులు తాగినవ్, గిది తాగరాదా అన్న. నవ్విండు. ఎందుకు నవ్విండో ఇప్పుడు తెలిసింది."

నన్ను తిట్టమన్నాను. తిట్టలేదు. తువ్వాలను నాలుగు మడతలు పెట్టి, గాజును మళ్లీ అందులో చుట్టింది. నేను చెయ్యి చాపాను, ఇవ్వలేదు. "ఆయన దాచింది. ఇక్కడ్నే ఉంటది" అని పెట్టె అడుగునే పెట్టింది. తర్వాత చీర కొంగుకు చేతులు తుడుచుకుని, సొరుగులోంచి ఫోన్ తీసి, స్వరూప నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది.

"నాకు చెప్పుడు గాదు. దానికి చెప్పు. చిన్నప్పటి సంది మోస్తున్నది అది."

రెండు సార్లు మోగింది. వెనక నుంచి పిల్లల అల్లరి, కుక్కర్ చప్పుడు. నేనని చెబితే, "చెప్పక్కా" అన్నది స్వరూప.

"నాలుగు కాదు స్వరూపా" అన్నాను. "పదిహేడున్నర."